శిలీంధ్రానికి పేరైన శాస్త్రవేత్త

భువనగిరి కోటగుట్ట చుట్టూ విస్తరించిన తోటలలో గానీ, తెలుగునేల మీద మరే పల్లెలో గానీ కొత్తగా నరికి పడవేసిన పచ్చి మొద్దును కొద్దిరోజుల తరువాత పరిశీలిస్తే, బెరడు మీద గుండుసూది పట్టేంత సన్నని రంధ్రాలు కనిపించడం కద్దు. ఆ రంధ్రాల నుండి పిండివంటి పొట్టు రాలుతూ ఉంటుంది. పురుగు పట్టిన కలప అని రైతు దానిని పక్కకు నెట్టివేస్తాడు. కాని ఆ రంధ్రం వెనుక ఒక వింత సంసారం సాగుతూ ఉంటుంది. ఆ మొద్దును తొలిచిన చిన్న పెంకుపురుగు కలపను తినదు. కలపలో సొరంగం త్రవ్వి, దాని గోడల మీద శిలీంధ్రాన్ని పెంచి, ఆ పంటను తాను తిని, తన పిల్లలకు పెడుతుంది. మానవుడు నాగలి పట్టడానికి కోట్ల సంవత్సరాల క్రితమే ఈ పురుగులు వ్యవసాయం నేర్చాయి.

ఈ సేద్యం రహస్యం చాలాకాలం వరకు ఎవరికీ తెలియలేదు. 1836లో ఆస్ట్రియా దేశానికి చెందిన జోసెఫ్ ష్మిడ్‌బెర్గర్ సొరంగాల గోడలకు అంటుకొని ఉన్న తెల్లని పూతను గమనించి, దానికి దేవతల ఆహారమనే అర్థంలో ‘అంబ్రోసియా’ అని పేరు పెట్టారు. అది అమృతమూ కాదు, చెట్టు స్రవించిన రసమూ కాదు, శిలీంధ్రమేనని 1844లో జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుడు థియోడోర్ హార్టిగ్ నిరూపించారు. ఆడ పురుగు ఒక చెట్టును వదలి మరొక చెట్టుకు ఎగిరిపోయేటప్పుడు, తన శరీరంలోని చిన్న సంచులలో శిలీంధ్రపు సిద్ధబీజాలను మోసుకొనిపోతుంది. కొత్త సొరంగంలో వాటిని నాటుతుంది. పురుగు లేనిదే శిలీంధ్రానికి ప్రయాణం లేదు. శిలీంధ్రం లేనిదే పురుగుకు సంతానం లేదు. దీనినే శాస్త్రజ్ఞులు సహజీవనం అంటారు.

ఈ పురుగులు సాగుచేసే శిలీంధ్రాలలో అనేకం ఆఫియోస్టోమా అనే పెద్ద బలగానికి చెందినవి. ఆ బలగంలోని ప్రజాతుల పేర్లను చదువుకొంటూ పోతే గ్రీకు, లాటిన్ పదాల నడుమ ఒకచోట అచ్చమైన తెలుగు పేరు ఎదురవుతుంది. ఆ ప్రజాతి పేరు సుబ్బారోమైసిస్. ‘మైసిస్’ అంటే గ్రీకు భాషలో శిలీంధ్రం. ముందున్న ‘సుబ్బారో’ ఒక తెలుగువాని పేరు. భీమవరంలో పుట్టి, అమెరికాలో కన్నుమూసి, లక్షలాది ప్రాణాలను నిలిపిన మందులకు మూలపురుషుడైన యల్లాప్రగడ సుబ్బారావు పేరు అది.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. కుటుంబం పెద్దది, రాబడి చిన్నది. సుబ్బారావు బాల్యం రాజమహేంద్రవరంలో గడిచింది. చిన్నతనంలో ఆయనకు చదువు మీద కన్న డబ్బు సంపాదన మీద ధ్యాస ఎక్కువగా ఉండేది. పదమూడేళ్ళ వయస్సులో కాశీకి పోయి, అక్కడి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు వదలి బయలుదేరారు. వెంకమ్మ ఆయనను వెనుకకు రప్పించి బడిలో కూర్చోబెట్టారు. కుమారుడు చదువుకొని తీరాలన్నది ఆ తల్లి పట్టుదల. చదువు సాగుతుండగానే తండ్రి గతించారు. ఇంటి భారమంతా తల్లి మీద పడింది. ఉన్న కొద్ది నగలను అమ్మి ఆమె కుమారుని చదివించారు.

అయినప్పటికీ చదువు సాఫీగా సాగలేదు. సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పారు. చెన్నపట్టణం చేరి, అక్కడి హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయనకు గణితం మీద మక్కువ కలిగింది. అదే కాలంలో రామకృష్ణ మఠంతో పరిచయం ఏర్పడింది. సన్యసించి సేవలో జీవితం గడపాలనే కోరిక బలపడింది. తల్లి అందుకు అంగీకరించలేదు. సన్యాసి కాలేకపోయినా రోగులకు సేవ చేయవచ్చునన్న తలంపుతో ఆయన మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. అందుకు మిత్రులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత ధనసహాయం చేశారు. తరువాత ఆయన కుమార్తె శేషగిరినే సుబ్బారావు వివాహమాడారు.

వైద్య కళాశాలలో ఉండగా గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావు ఖద్దరు ధరించసాగారు. శస్త్రచికిత్సా శాలలో కూడా ఖద్దరు దుస్తులనే వేసుకొన్నారు. ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ఆచార్యునికి అది నచ్చలేదు. ఫలితంగా, తక్కిన విషయాలలో బాగా వ్రాసినప్పటికీ ఆయనకు దక్కవలసిన ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య శాఖలో ప్రవేశించాలని చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఒక వస్త్రం కారణంగా ఒక వైద్యుని భవిష్యత్తు మూసుకొనిపోయిందని ఆనాడు చూసినవారికి తోచి ఉంటుంది. కాని ఆ మూసుకొన్న తలుపే ఆయనను పరిశోధన వైపు మళ్ళించింది.

అంతకన్న పెద్ద దెబ్బ ఇంటిలోనే తగిలింది. ఆయన సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఉష్ణమండల దేశాలలో కనిపించే ఈ జబ్బులో ప్రేగులు ఆహారాన్ని గ్రహించలేవు. రోగి తిన్నది ఒంటబట్టదు. విరేచనాలతో, రక్తహీనతతో మనిషి క్షీణించి కృశించి పోతాడు. ఆ కాలంలో పాశ్చాత్య వైద్యంలో దానికి సరియైన మందు లేదు. వైద్యం చదివిన సుబ్బారావు తన కళ్ళ ఎదుట సోదరులు పోతుంటే ఏమీ చేయలేకపోయారు. తరువాత ఆ వ్యాధి ఆయనకు కూడా సోకింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డారు. పిమ్మట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణశాస్త్ర ఉపన్యాసకులుగా చేరారు.

ఏ మూలిక తనను బ్రతికించిందో, అందులోని ఏ పదార్థం పనిచేసిందో తెలుసుకోవాలనే జిజ్ఞాస ఆయనను నిలువనీయలేదు. మూలికలను పరీక్షించే ఆధునిక విద్య మన దేశంలో ఆనాడు అందుబాటులో లేదు. విదేశాలకు పోవాలంటే ధనం లేదు. చివరకు మల్లాది సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ వారి హామీ, మామగారి సహాయం తోడు కాగా సుబ్బారావు ఓడ ఎక్కారు. మూడేళ్ళలో తిరిగివస్తానని భార్యకు మాట ఇచ్చారు. 1923 అక్టోబరు 26వ తేదీన ఆయన బోస్టన్ నగరంలో కాలు మోపారు. ఆ మూడేళ్ళు ఎన్నటికీ పూర్తి కాలేదు. తన కుమారుడు శైశవంలోనే మరణించిన వార్త ఆయనకు ఉత్తరం ద్వారా చేరింది. శేషగిరమ్మ ఎదురుచూపులోనే జీవితం గడిచిపోయింది. ఆయన సాధించిన విజయాల లెక్కలో ఆమె చెల్లించిన మూల్యాన్ని కూడా చేర్చవలసి ఉంటుంది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఉష్ణమండల వైద్య విద్యాలయంలో సుబ్బారావుకు ప్రవేశం లభించింది గాని, ఉపకారవేతనం లభించలేదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని. ఆ కూలితోనే పొట్ట పోసుకొన్నారు. అక్కడ డిప్లొమా పొందిన తరువాత జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద చేరారు. రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని కొలిచే తేలికైన పద్ధతిని వారిరువురు రూపొందించి 1925లో ప్రకటించారు. ‘ఫిస్క్–సుబ్బారావు పద్ధతి’ అనే పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పాదుకొన్నది.

ఆ కొలబద్ద చేతికి రాగానే వారికి మరొక సంగతి తెలిసింది. కండరాలలో అంతవరకు ఎవరూ గుర్తించని భాస్వర సంయోగ పదార్థం ఒకటి ఉన్నది. కండరం పనిచేసేటప్పుడు అది తరుగుతుంది, విశ్రాంతి తీసుకొనేటప్పుడు మరల పెరుగుతుంది. 1927లో ప్రకటించిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏ.టి.పి. అనే మరొక పదార్థాన్ని వారు కండరాల నుండి వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఆ సంవత్సరమే స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. కండరానికి శక్తి ఎక్కడి నుండి వస్తుందనే ప్రశ్నకు 1922లో నోబెల్ బహుమతి పొందిన సిద్ధాంతం చెప్పిన సమాధానం ఈ పరిశోధనలతో మారిపోయింది. బాక్టీరియా మొదలు మానవుని వరకు సకల జీవులకు శక్తిని అందించే నాణెం ఏ.టి.పి. అని తరువాతి శాస్త్రజ్ఞులు స్థాపించారు. కలపలో సొరంగం తొలిచే పురుగు దవడను కదిలించేది కూడా ఆ నాణెమే.

1930లో సుబ్బారావుకు హార్వర్డ్ విశ్వవిద్యాలయం పిహెచ్.డి. పట్టాను ప్రసాదించింది. కాని స్థిరమైన ఆచార్య పదవి మాత్రం దక్కలేదు. మరో పదేళ్ళ పాటు ఆయన అక్కడే చిన్న ఉద్యోగంలో ఉండి, కాలేయం నుండి తీసిన సారంలో రక్తహీనతను పోగొట్టే పదార్థం ఏదో తెలుసుకోవడానికి శ్రమించారు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ పట్టణంలో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొద్దికాలానికే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, వైద్యులు, పశువైద్యులు ఒకే లక్ష్యంతో కలిసి పనిచేసే బృందాలను ఆయన తీర్చిదిద్దారు. ఆయన జీవితంలో అత్యంత ఫలవంతమైన ఎనిమిదేళ్ళు ఇవే.

మొదటి లక్ష్యం ఫోలిక్ ఆమ్లం. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారం ఇస్తే వారు కోలుకొంటున్నారని గమనించారు. ఈస్టు కూడా శిలీంధ్రమే. అందులోని గుణకారి పదార్థం ఏదో మాత్రం తెలియరాలేదు. కాలేయంలో అది ఉన్నదని తెలిసినా, పుట్లకొద్దీ కాలేయం నుండి కూడా రవ్వంత పదార్థమే దొరికేది. లెడర్లీ శాస్త్రజ్ఞులు ఒక సూక్ష్మజీవిని పరీక్షకునిగా నియమించుకొన్నారు. ఆ పదార్థం ఉంటేనే పెరిగే బాక్టీరియా అది. ఏ సారంలో అది బాగా పెరిగితే ఆ సారంలో పదార్థం ఉన్నట్లు లెక్క. ఈ విధంగా వెదకి, దాని నిర్మాణాన్ని తెలుసుకొని, 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగారు.

ఈ విజయం సుబ్బారావుకు వృత్తిధర్మం మాత్రమే కాదు. ఆ మందును స్ప్రూ రోగులకు ఇచ్చి చూసిన వైద్యులు వారు కొద్దిరోజులలోనే తేరుకోవడం గమనించారు. రాజమహేంద్రవరం నుండి బయలుదేరిన అన్వేషణ ఇరవై ఏళ్ళకు పైగా తిరిగి తిరిగి తన సోదరులను కబళించిన వ్యాధి వద్దకే చేరింది. వారికి అందని మందు ఇతరులకు అందింది. నేడు ప్రతి గర్భిణీ స్త్రీకి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లం కలిసి ఉంటుంది. శిశువు వెన్నుపాములో లోపాలు రాకుండా అది కాపాడుతుంది.

ఈ సందర్భంలో కలప తొలిచే పురుగుల సంసారం మరల గుర్తుకు వస్తుంది. కలపలో పిండిపదార్థాలు కొంత ఉన్నా, ప్రాణి పెరుగుదలకు కావలసిన నత్రజని, విటమిన్లు చాలా తక్కువ. కీటకాలు స్టెరాల్ అనే పదార్థాన్ని తమంతట తాము తయారుచేసుకోలేవు. ఈ కొరతలన్నింటినీ శిలీంధ్రమే తీరుస్తుంది. అది తన పోగులను కలపలోనికి చొప్పించి, అక్కడక్కడ చెదరి ఉన్న పోషకాలను కూడగట్టి, బి విటమిన్లను చేర్చి, సొరంగం గోడ మీద వడ్డిస్తుంది. కొన్ని పురుగుల పిల్లలు శిలీంధ్రం అందించే ఎర్గోస్టెరాల్ లేనిదే ప్యూపా దశకు చేరలేవు. అతి సూక్ష్మమైన ఒక పదార్థం కొరవడితే జీవితం నిలిచిపోతుందనే సత్యాన్ని సుబ్బారావు మనుషుల రక్తంలో చూశారు. అదే సత్యం మొద్దులోని పురుగుకు కూడా వర్తిస్తుంది.

ఫోలిక్ ఆమ్లం నుండే మరొక అద్భుతం పుట్టింది. బోస్టన్ నగరంలో పిల్లల వ్యాధులను పరిశీలించే సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సర్‌తో బాధపడే పిల్లలకు చికిత్స వెదకుతున్నారు. క్యాన్సర్ కణాలు విపరీతంగా పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిని పోలి ఉండి దాని పని మాత్రం చేయని పదార్థాన్ని ఇస్తే ఆ కణాలు మోసపోయి నశిస్తాయి. సుబ్బారావు బృందం అటువంటి పదార్థాలను తయారుచేసి ఫార్బర్‌కు అందించింది. వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌ను ఫార్బర్ పదహారు మంది పిల్లలకు ఇవ్వగా పదిమందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితం 1948లో వెలువడింది. రక్తపు క్యాన్సర్‌ను మందుతో అణచవచ్చునని లోకానికి తెలిసిన తొలి సందర్భాలలో అది ఒకటి. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ క్యాన్సర్‌కు, కీళ్ళ వాతానికి వైద్యులు వాడుతున్నారు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్ దీవులలోని అమెరికా సైనికులు బోదకాలు వ్యాధికి గురయ్యారు. దాని కోసం వెదకిన లెడర్లీ శాస్త్రజ్ఞులు 1947లో డైఇథైల్‌కార్బమజైన్ అనే మందును ప్రకటించారు. ప్రజలు దానిని డి.ఇ.సి. మాత్రగా ఎరుగుదురు. దోమకాటుతో శరీరంలో చేరే ఫైలేరియా క్రిముల సంతతిని అది రక్తంలోనే రూపుమాపుతుంది. 1955లో మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమైనప్పుడు ఈ మందే ఆధారమైంది. బోదకాలు ప్రబలిన తెలుగు ప్రాంతాలలో నల్గొండ సీమ ఒకటి. 2004 నుండి దేశమంతటా చేపట్టిన సామూహిక ఔషధ పంపిణీలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఈ మాత్రలు మ్రింగించారు. భువనగిరి వీధులలో ఆ మాత్ర వేసుకొన్నవారిలో దాని వెనుక ఒక తెలుగువాని శ్రమ ఉన్నదని తెలిసినవారు బహు కొద్దిమంది.

సుబ్బారావు బృందం సాధించిన మరొక ఘనకార్యం మట్టి నుండి వెలువడింది. పెనిసిలిన్ వచ్చిన తరువాత కూడా అనేక అంటువ్యాధులకు మందు లేకపోయింది. మట్టిలోని సూక్ష్మజీవులు పరస్పరం పోరాడుకోవడానికి విషాలను స్రవిస్తాయి. వాటిలో మనిషికి హాని చేయకుండా క్రిములను చంపేది ఏదైనా దొరుకుతుందేమోనని వెదకడానికి సుబ్బారావు ప్రోత్సాహంతో పెద్ద ప్రయత్నం ఆరంభమైంది. ఆ భారం బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుని మీద ఉంచారు. ఆయన శిలీంధ్రాలను, మొక్కల తెగుళ్ళను జీవితమంతా అధ్యయనం చేసి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసినవారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషికి కొత్త ప్రయోగశాలను అప్పగించడం సుబ్బారావు వంటి అధిపతికే చెల్లింది.

అనేక ప్రాంతాల నుండి మట్టి నమూనాలు తెప్పించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు శాన్‌బోర్న్ క్షేత్రంలోని ఇరవైమూడవ మడి నుండి వచ్చిన మట్టిలో బంగారు రంగు పదార్థాన్ని స్రవించే జీవి ఒకటి కనిపించింది. అది చూడడానికి బూజువలె పోగులు పోగులుగా పెరుగుతుంది గాని, నిజానికి స్ట్రెప్టోమైసిస్ జాతికి చెందిన బాక్టీరియా. దాని నుండి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడయింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే పెద్దబిడ్డ. పెనిసిలిన్‌కు లొంగని అనేక రోగాలు దానికి లొంగాయి. 1994లో సూరత్ నగరంలో ప్లేగు భయం వ్యాపించినప్పుడు ఆ కుటుంబపు మందులే ప్రజలకు అండగా నిలిచాయి.

ఈ ఆవిష్కరణల ప్రకటనలలో సుబ్బారావు తన పేరు ముందు నిలుపుకోలేదు. కొన్నిటిలో ఆయన పేరే కనిపించదు. పని చేసినవారికి పేరు దక్కాలన్నది ఆయన తీరు. పత్రికలవారికి దూరంగా మెలిగారు. ఉపన్యాస వేదికలను ఆశ్రయించలేదు. పాతికేళ్ళు అమెరికాలో జీవించినా పౌరసత్వం స్వీకరించకుండా భారతీయునిగానే మిగిలారు. దేశం స్వతంత్రమైన మరుసటి సంవత్సరం, 1948 ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి ఆయన మరణించారు. అప్పటికి ఆయన వయస్సు యాభైమూడేళ్ళు. ఆరియోమైసిన్ వెలువడి నెల కూడా నిండలేదు. అమైనోప్టెరిన్ ఫలితాలు వెలువడి కొద్ది వారాలే అయింది. తన శ్రమ పండిన కాలంలోనే కృషీవలుడు కళ్ళం విడిచి వెళ్ళిపోయారు.

ఆయన మరణించిన ఐదేళ్ళకు, 1953లో, లెడర్లీ ప్రయోగశాలల శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ హెసెల్‌టైన్ మురుగునీటిని శుద్ధిచేసే రాతి వడపోతలలో పెరిగే శిలీంధ్రాలను పరిశీలించారు. అక్కడి జిగురులో అంతవరకు లోకానికి తెలియని ఒక శిలీంధ్రం ఆయనకు కనిపించింది. దానికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణం చేశారు. ‘స్ప్లెండెన్స్’ అంటే ప్రకాశించేది. మురుగును మంచినీటిగా మార్చే పనిలో పాలుపంచుకొనే జీవికి, పేరు కోరని మనిషి పేరు పెట్టడం ఎంతో ఔచిత్యం గల పని. రోగుల మలమూత్ర పాత్రలు కడిగి చదువుకొన్న విద్యార్థికి అంతకన్న తగిన స్మారకం దొరకదు.

ఆ శిలీంధ్రం ఆఫియోస్టోమా బలగానికి చెందినదని వర్గీకరణ శాస్త్రజ్ఞులు భావించారు. ఆ బలగంలో పురుగులకు అన్నం పెట్టేవి ఉన్నట్లే, వాటి అన్నం పాడుచేసేవి కూడా ఉన్నాయి. అమెరికా దక్షిణ భాగంలో పైన్ చెట్ల బెరడు తొలిచే ఒక పెంకుపురుగు తన పిల్లల కోసం మేలుచేసే శిలీంధ్రాన్ని పెంచుతుంది. ఆఫియోస్టోమా మైనస్ అనే మరొక శిలీంధ్రం కలుపు మొక్కవలె చొరబడి ఆ తోటను ఆక్రమిస్తుంది. ఆ పురుగు తనతోపాటు స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియాను కూడా మోసుకొనిపోతుందని, అది స్రవించే మందు కలుపు శిలీంధ్రాన్ని అణచి, పంట శిలీంధ్రాన్ని కాపాడుతుందని 2008లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సుబ్బారావు బృందం మట్టిలో వెదకి పట్టుకొన్న ఉపాయాన్ని ఆ పురుగు చెట్టు బెరడు క్రింద ఎన్నో యుగాలుగా వాడుకొంటున్నది.

ఈ సంగతి తెలుసుకొనే భాగ్యం సుబ్బారావుకు లేకపోయింది. కాని ఆయన ప్రయోగశాలను నడిపిన తీరులో ఇటువంటి సహజీవన ధర్మమే కనిపిస్తుంది. పురుగు దారి తొలుస్తుంది, శిలీంధ్రం అన్నం పెడుతుంది, బాక్టీరియా కాపలా కాస్తుంది. ఎవరి పని వారిదే, ఫలం మాత్రం అందరిది. రసాయన శాస్త్రజ్ఞుని, వైద్యుని, వృద్ధుడైన డగ్గర్‌ను, పసిపిల్లల కోసం తపించిన ఫార్బర్‌ను ఒకే పనిలో కూర్చి, ఎవరి పేరు వారికి ఇచ్చి, తాను వెనుక నిలబడిన మనిషి సుబ్బారావు. ఆ గుణం వల్లనే ఆయన చేసిన మేలు పెద్దదైంది. ఆ గుణం వల్లనే ఆయన కీర్తి చిన్నదైంది.

1995లో ఆయన శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళను విడుదల చేసింది. నోబెల్ బహుమతి ఆయనను వరించలేదు. స్వగ్రామానికి తిరిగివచ్చే యోగం కలుగలేదు. ఎదురుచూచిన ఇల్లాలికి ఇచ్చిన మాట నిలుపుకోలేకపోయారు. కాని స్ప్రూ సోకిన మనిషి నేడు సోదరునితో కలిసి భోజనానికి కూర్చోగలుగుతున్నాడు. రక్తపు క్యాన్సర్ నుండి బయటపడిన బాలిక బడికి పోగలుగుతున్నది. నల్గొండ సీమలోని కూలి మనిషి బోదకాలు భయం లేకుండా పొలానికి నడిచిపోగలుగుతున్నాడు. వారిలో ఏ ఒక్కరూ ఆయనను ఎరుగకపోవచ్చు. మురుగునీటిలో నివసించే ఒక చిన్న శిలీంధ్రం మాత్రం, శాస్త్రగ్రంథాలు ఉన్నంతకాలం, ఆయన పేరును మోస్తూనే ఉంటుంది.